మెగావాట్లు సరే, మస్టర్లేవి?

గోదావరిఖనిలో టీ కొట్టు కాడ ఇప్పుడు కొత్త ముచ్చట నడుస్తున్నది. ముప్పై ఏళ్లు బాయి దిగి ఒళ్లు గుల్ల చేసుకున్న తండ్రిదీ, ఐటీఐ చేసి ఖాళీగా తిరుగుతున్న కొడుకుదీ ఒకటే ప్రశ్న: "సోలార్‌ల నౌకర్లు పడతాయంటున్నరు, నిజమేనా?" మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్, జైపూర్... ఎక్కడికి పోయినా ఇదే మాట. సింగరేణి ఇక బొగ్గు ఒక్కటే తవ్వదట. ఎండ నుంచి కరెంటు తీస్తుందట, నీళ్ల మీద పలకలు పరుస్తుందట, మూసిన ఓపెన్‌కాస్టు గుంతల్లో నీళ్లు నింపి కరెంటు నిల్వ చేస్తుందట. కొత్త పని వస్తే కొత్త మనుషులు కావాలి కదా అని మన పిల్లల ఆశ.

ఈ ఆశకు మేము సూటిగా జవాబు చెప్పదలచుకున్నాం. నౌకర్లు పడతాయి. కానీ ఎన్ని పడతాయి, ఎవరి రోల్ మీద పడతాయి, ఎవరి పిల్లలకు పడతాయి? ఈ మూడు మాటలు తేలకుండా సంబరపడితే మళ్లీ మోసపోయేది మనమే.

కరెంటు కొలువు కాడనే మొదలైంది

తెలంగాణ లొల్లి మొదలైందే ఒక కరెంటు ప్లాంటు కొలువుల కాడ. 1969 జనవరిలో పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో ముల్కీ రక్షణలు అమలు చేయాలని, స్థానికుల కొలువులు స్థానికులకే ఇవ్వాలని ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆ నిప్పు ఉస్మానియాకు పాకింది, ఊరూరికీ పాకింది. మన నేల మీద, మన బొగ్గుతో, మన నీళ్లతో నడిచే ప్లాంటులో మనవాడికి కొలువు లేదేమని అడిగిన ప్రశ్న అది.

2024 ఆగస్టు 5న అదే స్టేషన్‌లోని ఎనిమిది పాత కూలింగ్ టవర్లను మందుగుండు పెట్టి కూల్చారు. రామగుండంలో 1971 నుంచి తిరిగిన 62.5 మెగావాట్ల బీ థర్మల్ కూడా 2024లోనే మూతపడింది. కాలం తీరిన యంత్రం పోవుడు తప్పదు, దానికి మేము ఏడుస్తలేము. టవర్లు పోయినా 1969లో అడిగిన ప్రశ్న మాత్రం అట్లనే నిలబడి ఉన్నది.

కాగితం మీద హామీకి, చేతిలో ఉత్తర్వుకు ఎంత దూరమో ఉద్యోగ మిత్రులకు మేము చెప్పనవసరం లేదు. ప్రభుత్వ శాఖల్లోని స్థానికేతరులను వెనక్కి పంపాలని 610 జీవో వచ్చింది 1985 డిసెంబర్ 30న. 1986 మార్చి 31 కల్లా పని పూర్తి కావాలన్నది గడువు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేనాటికి కూడా అది పూర్తి కాలేదు. పదిహేనేళ్లు ఒక జీవోను కాళ్లరిగేలా అడిగిన జాతి మనది. గడువుంటే సరిపోదు, గడువు తప్పినవాణ్ణి అడిగే దారి కూడా ఉండాలని మనకు అప్పుడే తెలిసింది.

ఇక 2011 సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలైతే సింగరేణి కార్మికులు ముప్పై రోజులకు పైగా బాయిలు బంద్ పెట్టారు. నెల జీతం పోయినా, ఇంట్ల పొయ్యి వెలగకున్నా వెనుకకు తగ్గలేదు. థర్మల్ ప్లాంట్లకు బొగ్గు తగ్గి రాష్ట్రమంతా కరెంటు కోతలు పడ్డప్పుడు గాని ఈ నల్లని మనుషుల బలమేందో పట్నాలకు తెలువలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు ఆ మూడో మాటను వాళ్లు తమ కోసమే అనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది?

టన్నులు పెరిగినయి, మనుషులు తగ్గిండ్రు

ఇప్పుడు లెక్కకు వద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులుండేవారు. అప్పటి బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల దరిదాపుల్లో. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేనాటికి కార్మికులు అరవై వేల పైచిలుకు. 2023-24లో కంపెనీ ఏడు కోట్ల టన్నులు తీసింది, మునుపెన్నడూ లేనంత బొగ్గు. 2024 సెప్టెంబర్‌లో ఆ ఏడాది లాభాల్లో వాటా పంచినప్పుడు తేలిన పర్మినెంటు ఉద్యోగులు 41,837 మంది. బొగ్గు మూడు రెట్లు దాటి పెరిగింది, మనుషులు మూడో వంతుకు పైచిలుకు మిగిలారు. తట్ట, చెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి. బాయిలు పోయి ఓపెన్‌కాస్టులొచ్చాయి. మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది.

వారసత్వ ఉద్యోగాలు 1998లో ఆగిపోయాయి. 2016లో మళ్లీ ఇస్తామన్నారు, 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. చివరికి మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాల పేరుతో 2018 నుంచి దారి తెరిచారు. అంటే తండ్రి ఒళ్లు పూర్తిగా పాడైతే తప్ప కొడుక్కు కొలువు లేదు. ఇంత ఘోరమైన అర్హత ఇంకే పరీక్షకైనా ఉందా?

ఆ లాభాల పంపకంలోనే ఇంకొక లెక్క ఉన్నది. 33 శాతం వాటా కింద 796 కోట్లు పంచితే పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా ఐదు వేలు ఇచ్చారు. కంపెనీ చరిత్రలో కాంట్రాక్టు కార్మికునికి లాభంలో చెయ్యి తగలడం అదే మొదటిసారి, అందుకు సంతోషమే. కానీ ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య లక్షా ఎనభై ఐదు వేల తేడా ఎక్కడిది? రోల్ మీద పేరుండటం, లేకపోవటం. కొత్త కొలువులు ఏ రోల్ మీద అని మేము పట్టుబట్టేది అందుకే.

ఎండకు నౌకర్లెన్ని?

సింగరేణి సోలార్ వైపు తిరగడం మొన్నటి మాట కాదు. మొదట 300 మెగావాట్ల పథకం వేసుకున్నది. తొలి విడతలో 129 మెగావాట్ల నిర్మాణాన్ని 2019లో బీహెచ్‌ఈఎల్‌కు ఇచ్చింది. జైపూర్ మండలంలోని 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్రాంగణంలో, రామగుండం-3లో, మందమర్రిలో, మణుగూరులో, ఇల్లందులో, కొత్తగూడెంలో, భూపాలపల్లిలో పలకలు లేచాయి. జైపూర్ రిజర్వాయర్ నీళ్ల మీద కూడా తేలాయి. మొత్తం రెండు వందల మెగావాట్లు దాటింది. పక్కనే ఎన్టీపీసీ రామగుండంలో ఐదు వందల ఎకరాల నీటి మీద 100 మెగావాట్ల తేలే ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తున్నది. దాంతో ఏడాదికి లక్షా 65 వేల టన్నుల బొగ్గు, 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు మిగులుతాయని చెప్పారు. మంచిదే. టన్నుల లెక్క, నీళ్ల లెక్క గట్టిగా వినబడ్డాయి. కొలువుల లెక్క మాత్రం అంత గట్టిగా వినబడలేదు.

ఎందుకు వినబడదో అర్థం చేసుకోవాలె. సోలార్ ప్లాంటు పని రెండు తీర్లు. కట్టేటప్పుడు పని ఉంటది: నేల చదును చేసుడు, స్తంభాలు పాతుడు, పలకలు బిగించుడు, కేబుల్ లాగుడు. అది కొన్ని నెలల పని, గుత్తేదారు మనుషుల పని. కట్టినంక మిగిలేది పలకలు కడుగుడు, గడ్డి కోసుడు, కావలి కాసుడు, ఇన్వర్టర్లు చూసుకునుడు. దానికి కావల్సింది కొద్దిమందే. బాయిలో షిఫ్టుకు వందల మంది దిగినట్టు ఇక్కడ ఎవరూ దిగరు.

ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ, అమెరికా సంస్థ ఎన్ఆర్‌డీసీతో కలిసి దీనికి ఒక లెక్క కట్టింది. ఒక మనిషి ఏడాది పొడుగునా చేసే పనిని ఒక కొలువు అనుకుంటే, నేల మీద పరిచే పెద్ద ప్లాంటులో మెగావాట్‌కు మూడున్నర కొలువులు కూడా నిండవు. ఇంటికప్పుల మీద చిన్న చిన్నగా పెట్టే సోలార్‌లో మెగావాట్‌కు 24 దాటుతాయి. ఈ లెక్కన సింగరేణి వేసుకున్న 300 మెగావాట్ల పథకమంతా నేల మీదే కడితే, కట్టుబడితో కలిపి సుమారు వెయ్యి మందికి ఒక ఏడాది పని. రాష్ట్రం వచ్చినంక పదేళ్లలో కంపెనీలో తగ్గిన పర్మినెంటు కొలువులు ఇరవై వేల దరిదాపుల్లో ఉన్నాయి. పోయినదాన్ని, వచ్చేదాన్ని పక్కపక్కన పెట్టి చూడుండ్రి.

అట్లని సోలార్ వద్దంటామా? అనము. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన మనుషులు మన ఇండ్లల్లోనే ఉన్నారు. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగులకు గోడలు పగిలిన ఊళ్లు, మట్టిగుట్టల కింద పోయిన పొలాలు మన కండ్ల ముందే ఉన్నాయి. పొగ లేని కరెంటు వస్తే మొదట బాగుపడేది మనమే. సోలార్‌ను అడ్డుకుంటే బొగ్గు కొలువులు మిగులుతాయనుకోవడం కూడా భ్రమే. పైన చెప్పిన వేలాది కొలువులు సోలార్ వచ్చి పోలేదు, బొగ్గు పెరుగుతుండగానే పోయాయి. మా కొట్లాట పలకతో కాదు. పలక పేరు చెప్పి కొలువును గుత్తకిచ్చే పద్ధతితో.

బెల్లంపల్లిని చూసి నేర్చుకోవాలె

బొగ్గు ఒకనాడు అయిపోతదన్నది కొత్త సంగతి కాదు. బెల్లంపల్లిని అడిగితే చెప్తది. ఆదిలాబాద్ జిల్లాలో సింగరేణికి మొదటి పెద్ద పట్నం అది. షిఫ్టు సైరన్‌కు ఊరంతా లేచేది. ఒక్కొక్క బాయి మూతపడుతుంటే ఒక్కొక్క గల్లీ ఖాళీ అయింది. కార్మికులకు ట్రాన్స్‌ఫర్ కాగితం దొరికింది. కిరాణా కొట్టుకు, దర్జీకి, రిక్షావానికి ఏ కాగితం దొరికింది? బాయి మూసేటప్పుడు ఊరి కోసం ఎవరూ ప్లాన్ రాయలేదు.

జర్మనీలో రూర్ అనే బొగ్గు ప్రాంతం ఉన్నది. 1957 నాటికి ఆ దేశపు నల్లబొగ్గు గనుల్లో ఆరు లక్షల మంది పనిచేసేవారు. ఆఖరు బాయిని 2018 డిసెంబర్ 21న మూశారు. మధ్యలో అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లలో యూనియన్లు, కంపెనీలు, ప్రభుత్వం కూర్చుని ఏ బాయి ఎప్పుడు, ఏ కార్మికుడు ఎక్కడికి అని మాట్లాడుకుంటూ వచ్చారు. వయసు పైబడ్డవాళ్లకు ముందస్తు పింఛను దారి పెట్టారు. గనుల గడ్డ మీద యూనివర్సిటీలు కట్టారు. 2020లో మిగిలిన బొగ్గు ప్రాంతాల కోసం చట్టం చేసి 4,000 కోట్ల యూరోల దాకా కేటాయించారు. అక్కడ కూడా బాధ లేకుండా ఏదీ జరగలేదు. కానీ బాయి మూతకు ముందే ఊరి లెక్క టేబుల్ మీదికొచ్చింది. మనకు జర్మనీ అంత డబ్బు లేకపోవచ్చు. ముందుగాల కూర్చుని మాట్లాడటానికి డబ్బెందుకు?

పైసలు మనవి, పని ఎక్కడ?

విస్తరణకు పైసలెక్కడివో కూడా చూడాలె. 2023-24 లాభం 4,701 కోట్లు అని చెప్పి, అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కనపెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీదనే కార్మికుని వాటా లెక్కగట్టారు. అంటే కొత్త ప్లాంట్లలో కార్మికుని వాటా కూడా పెట్టుబడిగా పోతున్నది. పెట్టుబడి పెట్టినవాడికి ఆ పనిలో హక్కుండదా?

2025 మార్చిలో సింగరేణి రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థతో 3,100 మెగావాట్ల ఒప్పందం చేసుకున్నది. 1,600 థర్మల్, 1,500 సోలార్. రాజస్థాన్‌లో ఎండ ఎక్కువ, నేల ఎక్కువ, కరెంటు చవకగా వస్తదంటారు. వ్యాపారంగా అది సరైన మాటే కావచ్చు. ఒడిశాలో నైనీ బ్లాకు తీసుకున్నప్పుడు కూడా అదే మాట అన్నారు, 2025 ఏప్రిల్‌లో అక్కడ బొగ్గు మొదలైంది. కంపెనీ బతకాలంటే బయటికి పోవాలన్నది మేము కాదనం. కానీ అక్కడి కొలువులు అక్కడివాళ్లు అడుగుతారు, అడగడం వాళ్ల హక్కు. 1969లో మనం అడిగింది అదే కదా. మరి శ్రీరాంపూర్ పిల్లగాడికి ఏం మిగిలినట్టు? బయట ఒక మెగావాట్ పెడితే ఇక్కడ ఎంత పని పుట్టిస్తారో కంపెనీ చెప్పాలె.

ఇక్కడ పని లేక కాదు. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ కడతామని కంపెనీయే ప్రకటించింది. పగటి ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రికి కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. పంపులు, టర్బైన్లు, సొరంగాలు, వాల్వులు అన్నీ ఉంటాయి. బాయిలో నీళ్లు తోడే పంపును, హాలేజీ మోటారును, సబ్‌స్టేషన్‌ను ఇన్నేండ్లు కాపాడుకొచ్చిన ఫిట్టరుకు, ఎలక్ట్రీషియనుకు ఇది కొత్త విద్యేం కాదు, కొద్ది శిక్షణ చాలు. అంతకంటే పెద్ద పని కండ్ల ముందే ఉన్నది. కొత్తగూడెం నుంచి గోలేటి దాకా సింగరేణికి వేల క్వార్టర్లు, దవాఖానాలు, బడులు, ఆఫీసులు, వర్క్‌షాపులు ఉన్నాయి. అన్నింటికీ కప్పులున్నాయి. కప్పు మీది సోలార్‌లో కొలువులు ఏడు రెట్లని పైన చూసినం. మన ఊళ్ల ఇండ్ల మీద, పొలం మోటార్ల కాడ ఈ పని పెట్టుకుంటే ఐటీఐ పిల్లలు దుబాయి వీసాల కోసం అప్పులు చేసే గతి కొంతైనా తప్పుతది.

నేర్పే జాగలు కూడా మనకున్నాయి. నస్పూర్ సీసీసీలో సింగరేణి సొంత పాలిటెక్నిక్ ఉన్నది. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది. కరీంనగర్, మంచిర్యాల ఐటీఐలు ఉన్నాయి. సోలార్ టెక్నీషియన్లను తయారు చేయడానికి కేంద్రం 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర కోర్సు ఉన్నది. కావల్సింది వీటన్నింటినీ కలిపే ఒక నిర్ణయం, శిక్షణ చివర ఒక పోస్టు. పోస్టు లేని శిక్షణ పిల్లల చేతిల ఇంకో సర్టిఫికెట్ మాత్రమే.

మేమడుగుతున్నది

ఒకటి. రాబోయే పదేళ్లలో ఏ బాయి, ఏ ఓపెన్‌కాస్టు ఎప్పుడు మూతపడుతుందో, అక్కడి కార్మికులు ఏ పనికి పోతారో ఏరియాల వారీగా ప్రకటించాలె. యూనియన్ ఆఫీసుల్లోనే కాదు, గ్రామ పంచాయతీ గోడ మీద కూడా అంటించాలె.

రెండు. సోలార్, పంప్డ్ స్టోరేజీ ప్లాంట్ల నిర్వహణ పని కంపెనీ రోల్ మీదనే ఉండాలె. కట్టుబడి గుత్తకిస్తే ఇవ్వుండ్రి, నడుపుడు గుత్తకు ఇయ్యొద్దు. ప్రతి ప్లాంటు గేటు మీద మెగావాట్లతో పాటు పర్మినెంటు మనుషుల సంఖ్య, అందులో స్థానికులెందరో రాయాలె.

మూడు. భూములు పోయిన కుటుంబాల పిల్లలకు, కాంట్రాక్టు మీద ఏండ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లకు ఈ పోస్టుల్లో మొదటి అవకాశం ఉండాలె. ఆడబిడ్డలను పలకలు తుడిచే పనికే పరిమితం చేయకుండా కంట్రోల్ రూములో కూర్చోబెట్టాలె.

నాలుగు. కంపెనీ కప్పులన్నింటి మీద సోలార్ పెట్టే పనిని స్థానిక ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల సహకార సంఘాలకు ఇవ్వాలె.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో తెచ్చిన విధానంలో 2030 నాటికి 20 వేల మెగావాట్ల స్వచ్ఛ ఇంధనం అని రాసుకున్నది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే, 49 శాతం కేంద్రానిది. కాబట్టి ఎవరి మీదికో నెట్టేసే వీలు లేదు. పరాయి పాలనలో అన్యాయమని అన్నాం, ఇప్పుడు పాలన మనది. ఇప్పుడు కూడా కొలువు కాంట్రాక్టరు చేతిలోనే ఉంటే ఆ తప్పు ఎవరి ఖాతాలో రాయాలె?

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా, ఖని కార్మికులారా! రేపు మీ ఊరికి ఒక కొత్త ప్లాంటు శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టడానికి ఎవరైనా వస్తే చప్పట్లు కొట్టుండ్రి, తప్పు లేదు. చప్పట్లయినంక ఒక్క మాట అడుగుండ్రి. "సారూ, మెగావాట్లు ఎన్నో బోర్డు మీద రాసిండ్రు. మస్టర్ల ఎన్ని పేర్లు పడతయో గది గూడ చెప్పుండ్రి." జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకుండ్రి.